సుగుణ పెళ్ళి ఎవరితో జరిగింది?

పోయిన వారం నా ఎడమ కంటికి శుక్లం తీశారు. కుడి కంటి వంతు వచ్చే నెల. ప్రస్తుతానికి ఒక కంటి మీద ప్లాస్టిక్ మూత, రెండో కంటి నిండా మసక. ఈ పరాయి దేశంలో మేముండే బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకును ఆనుకుని వెళ్ళే చిన్న రైలుకు ఒక మర్యాద ఉంది. ఇళ్ళ పక్కకు రాగానే దాని కిటికీ అద్దాలు తమంతట తామే తెల్లబడిపోతాయి, లోపలివాళ్ళు మన హాల్లోకి తొంగిచూడకుండా. ఇన్నేళ్ళూ ఆ అద్దాల వెనక కూర్చుని మార్కెట్‌కూ ఆఫీసుకూ తిరిగినదాన్ని, ఇప్పుడు ఇంట్లో కూర్చున్నా అదే అద్దంలోంచి చూస్తున్నట్టుంది. వంట మావారి చేతిలో పడింది కాబట్టి ఆ వైపు చూడాలని పెద్దగా కోరికా లేదు. నా బెంగంతా సాయంత్రం సీరియల్ గురించే. సీరియలే కదా, వింటే సరిపోదా అంటారు తెలియనివాళ్ళు. మన సీరియళ్ళలో మాటలు తక్కువ, చూపులెక్కువ. ఢమఢమమని వాయించేస్తారు, ఎవరు ఎవర్ని చూసి ఉలిక్కిపడ్డారో కళ్ళున్నవాళ్ళకే తెలియాలి. అందుకని, ఊరికి ఆ చివర సెంగ్‌కాంగ్‌లో స్నేహితురాళ్ళతో కలిసి అద్దెకుంటున్న మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చి, నా పక్కన కూర్చుని, ఇక్కడివాళ్ళలా మాటకో ‘లా’ తగిలిస్తూ చెబుతోంది. “ఏం లేదు లా అమ్మా. అత్తగారు షాక్. కోడలు షాక్. ఇప్పుడు పనిమనిషి కూడా షాక్.” మొన్న సాయంత్రం మాత్రం, జైల్లో ఉన్న కథానాయకుడు విడుదలై ఇంటికొచ్చేశాడని చెప్పింది. నాకు అనుమానం వచ్చింది. సీరియల్ వాళ్ళు అంత సులువుగా మనిషిని వదులుతారా? “నిజంగా వచ్చాడా, నా కోసం మార్చి చెబుతున్నావా?” అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. అచ్చం ఇదే ప్రశ్న, ఇదే హాల్లో, ఇప్పుడు నేను కూర్చున్న ఈ మూల కుర్చీలోంచే ఒకాయన నన్ను అడిగారు.

ఆయన మా మావగారు. అత్తగారు పోయాక బందరు నుంచి మా దగ్గరికి వచ్చేశారు. అప్పటికే నీటికాసుల జబ్బుతో రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. ఉద్యోగమంతా పోస్టాఫీసులో చేసిన మనిషి కావడంతో ప్రతి పనికీ ఒక వేళ, ప్రతి వస్తువుకూ ఒక గడి ఉండాలి. ఇక్కడి హాకర్ సెంటర్లలో, అంటే వరసగా తిండి కొట్లుండే చోట, కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోటు పట్టుకుంటారని, దాన్ని ‘చోప్’ చెయ్యడం అంటారని మనవరాలు చెప్పినప్పటి నుంచీ, భోజనానికి లేచేటప్పుడు తన తువ్వాలు ఆ మూల కుర్చీ మీద పరిచి “చోప్ చేశానర్రోయ్” అని ప్రకటించేవారు. ఇంట్లో ఉన్నదే నలుగురం. ఆ కుర్చీ కోసం ఆయనతో పోటీపడేవాళ్ళెవరూ లేరు. అయినా ఆ తువ్వాలును కాస్త పక్కకు జరిపినా పసిగట్టేసేవారు.

మావగారి తండ్రి చేసిన ఉద్యోగం ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు. సినిమాకు ఇంకా మాటలు రాని రోజుల్లో, ఊరూరా డేరాలు వేసి మూకీలు ఆడించే రోజుల్లో, ఆయన తెర పక్కన నిలబడి కథ చెప్పేవారట. తెర మీద దొరలూ దొరసానులూ పెదవులాడిస్తారు, మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. నేల మీద చాపలు పరుచుకుని కూర్చున్న జనానికి అవి అర్థం కావు. వాళ్ళందరి తరఫునా ఈయన ఒక్కరే గొంతు మార్చి మార్చి మాట్లాడాలి, ఏడవాలి, తుపాను కురిపించాలి, గుర్రంలా సకిలించాలి. చేతిలో ఒక ఇత్తడి గంట ఉండేదట, అవసరమైన చోట మోగించడానికి. దొరల పేర్లు పలకడానికి ఎవరికీ నోరు తిరగదు కాబట్టి ఏ సినిమా వచ్చినా కథానాయిక పేరు సుగుణ, నాయకుడి పేరు విజయుడు, మీసం మెలేసేవాడి పేరు దుర్మతి. సుగుణ ఒక వారం రాజకుమార్తె, మరో వారం గుర్రాలశాల కాపలావాడి కూతురు, ఇంకో వారం ఎడారి దొంగలు ఎత్తుకుపోయిన డాక్టరుగారి అమ్మాయి. సినిమాకు మాటలొచ్చాక ఈయన మాటలతో పని లేకుండా పోయింది. మావగారు పుట్టేసరికే తెర పక్కన ఎవరూ నిలబడటం లేదు. కానీ గంట ఇంట్లోనే ఉంది, కథలూ ఉన్నాయి. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని పిల్లలకు చెప్పేవారట. అలా మావగారు ఆ సినిమాలు ఒక్కటీ చూడలేదు, అన్నీ విన్నారు.

“ఆ బొమ్మలు ఇప్పుడెక్కడైనా దొరుకుతాయా అమ్మాయ్?” అని ఒక రోజు అడిగారు. వెతికితే కంప్యూటర్లో కొల్లలుగా ఉన్నాయి. ఉండి లాభమేమిటి? చూపు లేని మనిషికి మూకీ కన్నా పనికిమాలిన వస్తువు ఇంకొకటి లేదు. వెనక ఎవరో వాయించే పియానో తప్ప ఏమీ వినపడదు. అందుకని కుర్చీ పక్కన స్టూలు వేసుకుని నేను చెప్పడం మొదలుపెట్టాను. ఒకామె వచ్చింది, కూర్చుంది, ఒకతను వచ్చాడు, ఆమె లేచింది. మావగారు చెయ్యెత్తి ఆపేశారు. “టెలిగ్రామ్ చదువుతున్నట్టు చెబుతావేమిటమ్మా? వచ్చింది సరే, ఎలా వచ్చింది? పమిట సర్దుకుంటూ వచ్చిందా, పరిగెత్తుకుంటూ వచ్చిందా?” గౌను వేసుకుంది మావయ్యగారూ, పమిట లేదన్నాను. “మా నాన్నయితే వేసేవాడు” అన్నారు.

కొన్నాళ్ళకు నాకూ నోరు తిరిగింది. నేనప్పుడు మధ్యాహ్నం దాకానే ఉద్యోగం చేసేదాన్ని. తిరిగి రాగానే చెప్పులు విప్పీ విప్పకముందే సుగుణ కష్టాల్లో పడిపోయేది. ఆ కథల పోకడే అంత. పినతండ్రి వీలునామా దాచేస్తాడు, మనం దాచిన చోటు చూస్తూనే ఉంటాం, సుగుణ మాత్రం ఇల్లంతా వెతికి అక్కడే వెతకదు. విజయుడికి తల మీద దెబ్బ తగిలి గతమంతా మరిచిపోతాడు, సరిగ్గా అదే చోట రెండో దెబ్బ తగిలేదాకా ఎవరినీ గుర్తుపట్టడు. దుర్మతి ఆమెను రైలు పట్టాలకు కట్టి, తాపీగా సిగరెట్టు వెలిగించుకుంటాడు. అందరిలోకీ తెలివైనది గుర్రం. నేను వాటికి చిలవలు పలవలు చేర్చడం మొదలుపెట్టాను. లేని ఉరుములు ఉరిమించాను, గౌన్లకు పమిటలు వేశాను. మావగారు మోకాలు చరుచుకుని నవ్వేవారు. స్కూలు నుంచి వచ్చిన మా అమ్మాయి తెర వైపు చూసి, “అమ్మా, వేర్ గాట్ థండర్?” అని నిలదీసేది. నేను కళ్ళురిమేదాన్ని. ఆ మధ్యాహ్నాలు నాకెంత ఇష్టంగా ఉండేవో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఎవరూ సరిచూడలేని చోట కథ చెప్పడంలో ఒక మత్తుంది, అది నాకు బాగా పట్టేసింది.

అన్నిటికన్నా ఎక్కువగా మావగారు అడిగేది ఒకటుంది, లైటుహౌసు సుగుణ. తండ్రి చెప్పిన కథ ఆయనకు పొల్లుపోకుండా గుర్తుంది. లైటుహౌసు కాపలావాడి కూతురు సుగుణను ఓడమీద పనిచేసే విజయుడు ప్రేమిస్తాడు. ఓడ యజమాని కొడుకు దుర్మతి తుపానులో విజయుణ్ణి సముద్రంలోకి తోసేస్తాడు. దీవి, దొంగలు, బంగారం పెట్టె, కుక్క సాయంతో తప్పించుకోవడం, అన్నీ అయ్యాక విజయుడు ఊరికి చేరేసరికి సుగుణకు ఒక డాక్టరుతో, ఇష్టం లేకుండా, పెళ్ళి జరుగుతూంటుంది. విజయుడు చర్చి గోపురం ఎక్కి గంట కొడతాడు. ఇక్కడ తండ్రిగారు తన ఇత్తడి గంట వాయించేవారట. జనమంతా తలెత్తి చూస్తారు, పెళ్ళి ఆగిపోతుంది, విజయుడు గంట తాడు పట్టుకుని జర్రున జారి సరాసరి పెళ్ళిపీటల మీద దిగుతాడు, శుభం. ఆ సినిమా చివర ఏమవుతుందో చూసి చెప్పమని మావగారు నన్ను ఎన్నిసార్లు అడిగారో! కానీ సుగుణ అన్న పేరుతో ఏ దొర సినిమా దొరుకుతుంది? లైటుహౌసులున్న మూకీలు బోలెడున్నాయి. ఆ రోజుల్లో ప్రేమించిన ప్రతివాణ్ణీ సముద్రంలోకి తోసేవారు లాగుంది. చివరికి కుక్క వల్ల దొరికింది. మావగారు చెప్పినట్టే దానికి ఒక చెవి తెల్లగా ఉంది.

ఆ మధ్యాహ్నం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నారు. కథ తండ్రిగారు చెప్పినట్టే నడిచింది, తుపాను, దీవి, పెట్టె, కుక్క. నేను మైమరిచి చెబుతున్నాను. విజయుడు చర్చి దగ్గరికి వచ్చాడు. తలుపు సందులోంచి చూశాడు. అక్కణ్ణుంచి నేను చెప్పడం మరిచి తెరనే చూస్తున్నాను. లోపల సుగుణ ఏడవడం లేదు. పక్కనున్న డాక్టరు వైపు చూసి నవ్వుతోంది, మనసారా నవ్వుతోంది. విజయుడు వెనక్కి తగ్గాడు. తర్వాత నెమ్మదిగా గోపురం ఎక్కి, ఆమె పెళ్ళిగంట తనే కొట్టాడు. సుగుణ తలెత్తి ఆ చప్పుడు వైపు చూసి నవ్వి, మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. అతను వెనక మెట్ల మీంచి దిగి సముద్రం వైపు నడిచాడు. అంతే, తెర నల్లబడింది. నాకు ఏడుపు ఆగలేదు. “గంట కొట్టాడా? తర్వాత ఏమైందమ్మా?” అంటున్నారు మావగారు, కుర్చీ అంచుకు జరిగి. పాపం ముసలాయన, ఇన్నేళ్ళు దాచుకున్న కథను నా నోటితో పాడుచెయ్యడమెందుకు అనుకున్నాను. తలెత్తారు మావయ్యగారూ, అందరూ తలెత్తారు, తాడు పట్టుకుని జారాడు, సుగుణ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది, అని చెప్పేశాను. “నిజంగానా? నా కోసం మార్చి చెబుతున్నావా?” అన్నారు. “నిజం. మీ నాన్నగారు చెప్పింది అక్షరం పొల్లుపోలేదు” అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోతుందనుకున్నాను. రక్తమంతా తోడేసినట్టు పాలిపోయింది. “అలాగా” అన్నారు. గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు, కుర్చీ మీద తువ్వాలు పరవకుండానే. రాత్రి భోజనానికి రాలేదు.

మర్నాడు ఆఫీసుకు బయల్దేరుతూ బూటు లేసులు కట్టుకుంటూ మావారు చెప్పారు, మేనత్త దగ్గర విన్న సంగతి. మావగారికి పదహారేళ్ళప్పుడు వాళ్ళక్క పెళ్ళిలో తండ్రి మగపెళ్ళివారిని కూర్చోబెట్టి గంట చేతిలో పట్టుకుని ఈ లైటుహౌసు కథే చెబుతున్నారట. సరిగ్గా అంతకు ముందే, పాత డేరాలో మిషను తిప్పిన ఆపరేటరు మావగారితో అన్నాడట, ఆ సినిమాలో అలాంటి పెళ్ళే లేదు, గంట తాడు ఊగగానే మీ నాన్న నాచేత మిషను ఆపించేవాడు, తర్వాతది ఎవరికీ చూపించనిచ్చేవాడు కాదు అని. మావగారు పందిట్లో అందరి ముందూ లేచి, “అబద్ధం. నీ కథలన్నీ అబద్ధాలే” అన్నారట. తండ్రి గంట కింద పెట్టి, లేవండి బాబూ విస్తళ్ళు వేశారు అన్నారట. ఆ తర్వాత ఎన్నడూ ఎవరికీ కథ చెప్పలేదు. ఎంతోకాలం బతకనూ లేదు. ఆపరేటరా, తాగుబోతు, తండ్రిగారంటే గిట్టనివాడు. అందుకని ఆ ఇద్దరిలో అబద్ధం ఎవరిదన్నది మావగారిని జీవితమంతా తొలిచింది. ఆపరేటరు చెప్పిందే నిజమైతే తను అన్నది మోటు మాటే తప్ప తప్పుడు మాట కాదు. తండ్రి చెప్పింది నిజమైతే, ఉన్నది చెప్పిన మనిషి నోరు నలుగురిలో నొక్కేసినట్టే. ఆయన నన్ను అడిగింది ఆ తీర్పు. నేను అక్షరం పొల్లుపోలేదన్నాను. “ఇదంతా నాకు ముందే చెప్పొద్దూ?” అంటే, మావారు రెండో బూటు వెతుక్కుంటూ “నీకు తెలుసనుకున్నా” అన్నారు. మా ఇంట్లో ముఖ్యమైన సంగతులన్నీ నాకు తెలుసనుకునే చెప్పరు.

మావగారి గదిలోకి పరిగెత్తాను. నిన్న చెప్పింది అబద్ధం మావయ్యగారూ, అసలు జరిగిందిదీ అని మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, తడుముకుంటూ నా తల మీద చెయ్యి వేశారు. “నువ్వు మంచిదానివమ్మా. నేను బాధపడుతున్నానని ఇప్పుడిలా చెబుతున్నావు.” కాదు కాదు అని ఒట్టేయబోయాను. “ఒట్లు వెయ్యకు, పిల్లగలదానివి” అన్నారు. ఆ క్షణంలో పడిన బాధ ఇంతా అంతా కాదు. ఆ సినిమా వందసార్లు వేసినా ఆయనకు వినపడేది పియానో ఒక్కటే. గంట కూడా వినపడదు. ఆయనకు ఉన్న కళ్ళు నావే, అవి ఒకసారి అబద్ధం చెప్పాయి. ఇంకెవరిని సాక్ష్యం పిలవను?

మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు, ఇంకా తియ్యటి అబద్ధాలు రావు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు తాతయ్యకు చెప్పు, ఏమీ కలపకు, ఏమీ తియ్యకు అన్నాను. అది బిస్కెట్ నములుతూ మొదలుపెట్టింది. “తాతయ్యా, హి ఈజ్ రింగింగ్ ద బెల్. ఓకే. స్టిల్ రింగింగ్.” నేను అక్కడ నిలబడలేక వంటింట్లోకి పోయి, కుళాయి పెద్దగా తిప్పి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. తిరిగి వచ్చేసరికి మావగారు భుజం మీద తువ్వాలుతో కూర్చుని ఉన్నారు. “అయిందమ్మా. చూశాం” అన్నారు. అంతే. నమ్మారా లేదా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. రేపు అడుగుదాంలే అనుకున్నాను.

మర్నాడు స్నానాల గదిలో పడిపోయారు. పక్షవాతం అన్నారు. ఆస్పత్రిలో ఆయన పెదవులు కదిలేవి, మాట బయటికొచ్చేది కాదు. నన్ను చూసినప్పుడల్లా, చూడటమేమిటి, నా గొంతు విన్నప్పుడల్లా ఏదో చెప్పాలని తాపత్రయపడేవారు. తెర మీద ఎవరెవరి పెదవులకో పేజీలకు పేజీలు మాటలు అల్లినదాన్ని, ఆ రెండు పెదవులను మాత్రం చదవలేకపోయాను. నీళ్ళు కావాలా అన్నాను. దిండు ఎత్తనా అన్నాను. ఆయన విసుగ్గా తల తిప్పుకునేవారు. కొన్ని వారాలకు పోయారు. కన్నతండ్రి నోరు మూయించానన్న బాధతోనే పోయారనీ, ఆ బాధ పెంచింది నేనేననీ అప్పటి నుంచీ నా మనసులో ఉంది. తర్వాత ఆ సినిమాలు ఒక్కటీ ముట్టుకోలేదు. ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు కూడా, మొన్న కంటి ఆపరేషన్ అయ్యాక టీవీకి దగ్గరని మావారు కూర్చోబెట్టేదాకా.

ఇదంతా మొన్న సాయంత్రం మొదటిసారి మా అమ్మాయికి చెప్పాను. అది టీవీ గొంతు నొక్కేసింది. “అమ్మా, యూ డోంట్ నో ఆ? తాతయ్య నమ్మాడు లా” అంది. నేను వంటింట్లో ఉండగా దాన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగారట, గంట మోగినప్పుడు ఎవరెవరు తలెత్తారు అని. ఎవరూ ఎత్తలేదు తాతయ్యా, పెళ్ళికూతురు ఒక్కతే ఎత్తింది, మిగతావాళ్ళందరూ బియ్యం విసరడంలో బిజీ అందట ఇది. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారట. “ఎవరూ తలెత్తలేదా! కథ అల్లేవాడెవడూ అలా అల్లడే. అయితే మా నాన్న చెప్పింది అబద్ధమే! ఎంత బాగా కోశాడే కోతలు!” కోతలంటే ఏమిటమ్మా, అప్పుడు అడగడం మరిచిపోయాను అంది మా అమ్మాయి. “దెన్ హి సెడ్, మీ అమ్మ కూడా అచ్చం మా నాన్నే. ఆవిడకు చెప్పకు, ఓ నాలుగు రోజులు బెంగపడనీ, తర్వాత నేనే చెబుతా అన్నాడు. నేను ప్రామిస్ చేశాను. తర్వాత తాతయ్యకు బాగాలేకుండా అయింది, నేను మరిచిపోయాను. నీకు తెలుసనుకున్నా అమ్మా.”

నిజంగానా, నా కోసం మార్చి చెబుతున్నావా, అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. కోతలంటే ఏమిటో తెలియని పిల్ల ఆ మాట ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆస్పత్రిలో ఆయన పెదవులు అడిగింది నీళ్ళూ కాదు, దిండూ కాదు. మూత కింద కన్ను తడవకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు, అయినా తడిసింది. మావగారు నాకు వేసింది నాలుగు రోజుల శిక్ష. ఇంక చాలమ్మా అని చెప్పాల్సిన మనిషి మధ్యలో వెళ్ళిపోవడంతో, ఆ నాలుగు రోజులూ పూర్తి కావడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది.